రాయి పగలడం సరే, సిమెంటు పట్టిందా?

గ్యాస్ తీయడానికి నీటి ఒత్తిడితో రాయిని పగలగొట్టే ఫ్రాకింగ్ అనగానే అందరి చూపూ భూమి అడుక్కి పోతుంది. రెండు కిలోమీటర్ల లోతున రాయిని పగలగొడుతున్నారట, ఆ పగుళ్ళలోంచి మందులు మన మంచినీళ్ళలోకి ఎగదన్నుతాయట అని భయం. కంపెనీల వాళ్ళు కూడా అదే లోతు చూపించి, అంత కిందనుంచి పైకి రావడం జరగని పని అని తేల్చేస్తారు. వాదించుకునే ఇద్దరూ ఒకే చోటు చూస్తున్నారు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో జరిగినవన్నీ వరసగా పెట్టుకుని చూస్తే గొడవలు ఎక్కువగా మొదలైంది ఆ చోట కాదు. అంతకంటే పైన, కేసింగ్ (బావిలో దించే ఉక్కు గొట్టం) వెనకాల, సైటు మీది ట్యాంకుల దగ్గర, బావిలోంచి తిరిగొచ్చిన ఉప్పునీళ్ళు పారబోసిన దగ్గర మొదలయ్యాయి. అందుకే అడుగు సంగతి త్వరగా ముగించి పైకి వచ్చేస్తాను.

అక్కడి గ్యాస్ పొర పేరు మార్సెల్లస్ షేల్. పలకల్లా చీలే నల్లటి రాయి. దాన్లో గ్యాస్ ఉంది గానీ కదలడానికి దారుల్లేవు. బావిని నిలువుగా దించి, పొర దగ్గరపడగానే మెల్లగా వంచి, పొర వెంబడే కిలోమీటరున్నర నుంచి మూడు కిలోమీటర్ల దాకా అడ్డంగా తవ్వుతారు. అయిదున్నర అంగుళాల ఉక్కు పైపు దించి చుట్టూ సిమెంటు నింపుతారు. అడ్డంగా తవ్విన భాగాన్ని చివరినుంచి ముక్కలు ముక్కలుగా పగలగొట్టుకుంటూ వస్తారు. ఒక్కో ముక్క ఒక స్టేజీ. అంతకుముందు ముక్కను ప్లగ్గుతో మూసి, చిన్న పేలుడు గుళ్ళతో పైపుకు చిల్లులు కొట్టి, పైనుంచి పంపుల వరసతో నీళ్ళూ ఇసుకా తోస్తారు. నిమిషానికి 80 నుంచి 100 బ్యారెళ్ళు, అంటే 13 నుంచి 16 వేల లీటర్లు. పైన గేజీలో ముల్లు 8, 9 వేల పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌన్ల ఒత్తిడి) చూపిస్తుంది. మన వంటింటి కుక్కరు విజిల్ వేసేది 15 దగ్గర. స్టేజీకి రెండు గంటలు అటూ ఇటూ. ఒత్తిడి తీసేశాక నీళ్ళలో కొంత వెనక్కి వస్తుంది, ఇసుక పగుళ్ళలోనే ఉండిపోయి వాటిని మూసుకోనివ్వదు.

ఆ పగుళ్ళు ఎంత ఎత్తుకు ఎక్కుతాయో కొలిచారు. పగిలేటప్పుడు రాయి చేసే సన్నటి చప్పుళ్ళను పక్క బావిలో దించిన మైకుల్లాంటి జియోఫోన్లు పట్టుకుంటాయి. అమెరికా షేల్ బావుల్లో అలా నమోదైన వేల పగుళ్ళలో అన్నిటికంటే ఎత్తయినది 588 మీటర్లు. 350 మీటర్లు దాటేవి నూటికి ఒకటి. మార్సెల్లస్ ఎక్కువ చోట్ల 1,500 నుంచి 2,500 మీటర్ల లోతున ఉంది, తాగునీటి బోర్లు 100, 150 మీటర్లు దాటడం తక్కువ. పైగా ఆ ఒత్తిడి ఉండేది కొన్ని గంటలే. గ్యాస్ తీయడం మొదలుపెట్టాక రాయిలో ఒత్తిడి పడిపోతూ ఉంటుంది కాబట్టి ఏ ద్రవమైనా బావి వైపే వస్తుంది, పైకి పోదు. లోతు వాదన నిజమే, లోతు ఉన్నచోట. వయోమింగ్ రాష్ట్రంలో పెవిలియన్ దగ్గర అది లేదు. అక్కడ 372 మీటర్ల లోతులోనే ఫ్రాకింగ్ చేశారు, ఇళ్ళ బోర్లు 244 మీటర్ల దాకా ఉన్నాయి, కొన్ని బావులకు పై కేసింగ్ 110 మీటర్లకే ఆపేశారు. కాపలా గోడ కాపాడాల్సిన బోరు కంటే పొట్టిగా ఉంది. "మేము చాలా లోతులో చేస్తున్నాం" అని ఎవరన్నా అంటే అడగాల్సింది మూడు అంకెలు: ఫ్రాక్ చేసే లోతు, చుట్టుపక్కల అన్నిటికంటే లోతైన బోరు, పై కేసింగ్ ఆగిన లోతు.

ఇక సిమెంటు సంగతి.

మన ఊళ్ళలో బోరు వేస్తే మెత్తటి మట్టి ఉన్నంతవరకే కేసింగ్ దించి, గట్టి రాయి తగిలాక వట్టి గొయ్యిగా వదిలేస్తాం. గ్యాస్ బావి గొట్టంలో గొట్టం. బయట 20 అంగుళాలది, పై మట్టి కూలకుండా. దాని లోపల 13⅜ అంగుళాల సర్ఫేస్ కేసింగ్, ఇదే తాగునీటి పొరలకు కాపలా. పెన్సిల్వేనియా నిబంధన ప్రకారం ఇది అన్నిటికంటే అడుగున ఉన్న మంచినీటి పొరకు 50 అడుగులు కిందికి దిగాలి, అడుగునుంచి నేల మట్టం దాకా సిమెంటు ఉండాలి. దాని లోపల 9⅝ అంగుళాలది, అన్నిటి లోపలా గ్యాస్ వచ్చే 5½ అంగుళాలది. ఒక్కో గొట్టం వెనక సందులో సిమెంటు పోస్తారు. ఉక్కు పగలడం చాలా అరుదు. తేడా వచ్చేది సందులోనే.

సిమెంటు పోసే తీరు ఇది. తవ్వేటప్పుడు వాడిన మడ్డి గొయ్యంతా నిండి ఉంటుంది. ముందు దాన్ని తిప్పి తిప్పి పలచన చేయాలి. తర్వాత స్పేసర్ అనే ద్రవం పంపి గోడకు అంటుకున్న మడ్డిని కడిగేయాలి. దాని వెనకే రబ్బరు ప్లగ్గు, సిమెంటు పాలు, ఇంకో ప్లగ్గు. సిమెంటు పైపు లోపలినుంచి దిగి, అడుగున బయటకు తిరిగి, సందులోంచి పైకి ఎక్కుతుంది. లీటరు దాదాపు 1.9 కిలోలు ఉంటుంది, నీళ్ళకు రెట్టింపు బరువు. పైన సందు నోట్లోంచి చిక్కటి సిమెంటు బయటపడితే నిండినట్టు. ఆ తర్వాత కనీసం 8 గంటలు పైపును కదపకూడదు.

తప్పులు మూడు రకాలుగా జరుగుతాయి. పైపు గొయ్యి మధ్యలో నిలవకపోతే ఒక పక్కకి ఒరుగుతుంది. సిమెంటు వెడల్పుగా ఉన్న పక్కనుంచి పోతుంది, ఇరుకు పక్క మడ్డి అలాగే మిగిలి ఎండి బీటవారుతుంది. అందుకే విల్లులా వంగిన ఉక్కు పట్టీలను, సెంట్రలైజర్లను, పైపుకు తొడుగుతారు. ఖర్చు తగ్గించుకోవాలంటే మొదట కోత పడేది వీటికే. రెండోది, పగుళ్ళున్న రాయి సిమెంటును మింగేస్తుంది, పైకి రాదు. అప్పుడు పైనుంచి సన్నపైపు దించి నాలుగు బస్తాలు పోసి మూత పెడతారు. చూడటానికి నిండినట్టే ఉంటుంది, మధ్యలో ఖాళీ అలాగే ఉంటుంది. కాగితాల్లో "టాప్ జాబ్" అన్న మాట కనబడితే అక్కడ ఆగి చదవాలి.

మూడోది కంటికి కనబడదు, నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. సిమెంటు పాలుగా ఉన్నంతసేపు దాని బరువే గ్యాస్‌ను తొక్కిపట్టి ఉంచుతుంది. గట్టిపడే ముందు కాసేపు జెల్లీలా అవుతుంది. ఆ దశలో గోడకు అంటుకుపోయి, పై సిమెంటు బరువు కింది సిమెంటుకు అందదు. లోపలి నీరు కొంత రాయిలోకి ఇంకుతుంది, కొంత రసాయన చర్యలో ఖర్చవుతుంది, ఒత్తిడి పడిపోతుంది. గట్టిదనం ఇంకా రాలేదు, బరువు అప్పటికే పోయింది. సరిగ్గా ఆ సమయంలో పక్క రాతిపొరలోని గ్యాస్ లోపలికి దూరి సన్నటి పురుగు తొలిచినట్టు దారి చేసుకుంటుంది. మర్నాటికి సిమెంటు రాయిలా గట్టిపడుతుంది, ఆ దారి మాత్రం అలాగే ఉండిపోతుంది. మందు ఉంది: జెల్లీ దశ త్వరగా దాటే మిశ్రమం, నీరు ఇంకిపోకుండా ఆపే కలుపు, లేటెక్స్, గట్టిపడేదాకా సందు మీద పైనుంచి కొంత ఒత్తిడి. అన్నీ తెలిసిన పనులే, కొంచెం ఖర్చు, కొన్ని గంటల ఓపిక.

ఇలా దూరే గ్యాస్ తరచుగా మార్సెల్లస్‌ది కాదు. దానిపైన, సగం లోతులో, చిన్న చిన్న గ్యాస్ పొరలు చాలా ఉన్నాయి. వాటిని ఎవరూ ఫ్రాక్ చేయరు, అమ్మరు. బావి వాటిని దాటుకుంటూ పోతుంది, అంతే. సస్క్వెహన్నా కౌంటీలోని డిమక్‌లో 2009 జనవరి 1న ఒక ఇంటి బోరు గదిలో గ్యాస్ పేలి కాంక్రీటు పలక పగిలింది. రాష్ట్ర అధికారులు బావుల సిమెంటు, కేసింగ్ లోపాలను ఎత్తిచూపి, అక్కడ తొమ్మిది చదరపు మైళ్ళలో కొత్త బావులు ఆపించారు. చివరికి 2022 నవంబరులో ఆ బావుల కంపెనీ కోర్టులో అభియోగాన్ని ఎదిరించనని చెప్పి, ఊరికి కొళాయి నీళ్ళ లైను కోసం 1.6 కోట్ల డాలర్లకు పైగా ఇవ్వడానికి అంగీకరించింది. పదమూడేళ్ళు. "ఫ్రాకింగ్ వల్ల నీళ్ళు పాడైనట్టు రుజువు లేదు" అన్న వాక్యం డిమక్ గురించి చెప్పినప్పుడు అక్షరాలా నిజం కావచ్చు, ఎందుకంటే తప్పు పగలగొట్టడంలో కాదు, బావి కట్టడంలో జరిగింది. నీళ్ళు తాగేవాళ్ళకు ఆ తేడాతో పనేముంది?

సందు బాగుందో లేదో తెలుసుకోవడానికి ఒక గేజీ చాలు. సర్ఫేస్ కేసింగ్‌కూ దాని లోపలి గొట్టానికీ మధ్య సందుకు బావి తలకాయ దగ్గర ఒక వాల్వు ఉంటుంది. దాన్ని మూసి ముల్లు చూడాలి. ఒత్తిడి ఉంటే సూది వాల్వు మెల్లగా తిప్పి వదిలేయాలి, సున్నాకు వచ్చాక మళ్ళీ మూసి 24 గంటలు ఆగాలి. సున్నా దగ్గరే ఉంటే అది వేడికి పెరిగిన ఒత్తిడి. మళ్ళీ ఎక్కితే ఎక్కడినుంచో గ్యాస్ వస్తూనే ఉంది. పెన్సిల్వేనియాలో ఈ ఒత్తిడికి హద్దు ఉంది: కేసింగ్ అడుగు దగ్గర నీటి స్తంభం బరువులో 80 శాతం. కేసింగ్ 500 అడుగులైతే, అడుగుకు 0.433 పీఎస్ఐ చొప్పున 216, అందులో 80 శాతం 173. అంతకు మించితే గ్యాస్ కేసింగ్ అడుగునుంచి మంచినీటి వైపు తోసుకుపోగలదు. కంపెనీ ఈ తనిఖీ మూడు నెలలకొకసారి చేయాలి. బావి గురించి ఒక్క కాగితమే అడగగలిగితే నేను ఈ గేజీ లెక్కలే అడుగుతాను.

పాత బావుల మాట కూడా ఇక్కడే. పెన్సిల్వేనియాలో చమురు తవ్వకం 1859లో మొదలైంది. అప్పటినుంచి తవ్వి, మూయకుండా, లెక్క కూడా రాయకుండా వదిలేసినవి లక్షల్లో ఉంటాయని అంచనా. 2012 జూన్‌లో తియోగా కౌంటీలో కొత్త బావుల పని జరుగుతుండగా 1932 నాటి పాడుబడ్డ బావి నుంచి నీళ్ళూ గ్యాసూ 30 అడుగుల ఎత్తుకు చిమ్మాయి.

మందుల విషయానికి వస్తే, "99.5 శాతం నీళ్ళూ ఇసుకే" అని చెప్తారు. ఒక బావికి కోటీ అరవై లక్షల లీటర్లు పడితే మిగిలిన అర శాతం 80 వేల లీటర్లు, నాలుగు పెద్ద ట్యాంకర్లు. వాటిలో ఏముంటుంది? చిల్లుల దగ్గర సిమెంటు కరిగించడానికి 15 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్. పైపులో రాపిడి తగ్గించే పాలీఎక్రిలమైడ్, వెయ్యి లీటర్లకు అర లీటరు నుంచి లీటరు. గ్లూటరాల్డిహైడ్ అనే క్రిమిసంహారి, ఎందుకంటే బ్యాక్టీరియా పెరిగితే కుళ్ళుగుడ్డు వాసన గ్యాస్ పుట్టి పైపుల్ని తినేస్తుంది. తుప్పు, సున్నపు పొర పట్టకుండా మరికొన్ని.

వీటిలో ఒకటి మన కూరల బుట్టలోది. గోరుచిక్కుడు. ఆ గింజ పప్పును పొడి చేస్తే గ్వార్ గమ్. లీటరు నీళ్ళలో మూడు గ్రాములు, చిన్న చెంచాడు పొడి వేసి కలియబెడితే పలచటి గంజిలా చిక్కబడుతుంది. అందులో పీహెచ్ 10 దగ్గర కొంచెం బోరాక్స్ కలిపితే క్షణాల్లో వణికే జెల్లీ అయిపోతుంది, గిన్నె వంచితే నాలుకలా సాగి మళ్ళీ వెనక్కి ముడుచుకుంటుంది. ఇసుక రేణువు అందులో మునగదు, అందుకే కిలోమీటర్ల దూరం మోసుకుపోతుంది. తర్వాత అమ్మోనియం పర్‌సల్ఫేట్ వేసి విరగ్గొడతారు. ప్రపంచంలో ఎక్కువ గ్వార్ రాజస్థాన్, హర్యానా, గుజరాత్‌లలో పండుతుంది. అమెరికా ఫ్రాకింగ్ గిరాకీకి 2012లో ధర ఎంత ఎగిరిందంటే మన కమోడిటీ ఎక్స్ఛేంజీల్లో గ్వార్ ఫ్యూచర్స్ వ్యాపారమే ఆపేయాల్సి వచ్చింది. ఈ గంజి తినే వస్తువే. దాని పక్కన డబ్బాల్లో ఉండే క్రిమిసంహారీ యాసిడ్ అలాంటివి కావు, అవి చిక్కగా ఉన్నప్పుడే ప్రమాదం. కోటి లీటర్లలో కలిసి రెండు కిలోమీటర్ల కిందికి పోయాక కాదు, సైటు మీద డబ్బాలో ఉన్నప్పుడు, గొట్టం క్లాంపు ఊడినప్పుడు, రాత్రి షిఫ్టులో వాల్వు తెరిచి మరిచినప్పుడు. కాబట్టి అడగాల్సింది మందుల పేర్ల జాబితా ఒక్కటే కాదు. సైటు కింద పరిచిన ప్లాస్టిక్ షీటు అతుకులు పరీక్షించారా, చుట్టూ గట్టు పెద్ద ట్యాంకు పూర్తిగా కారినా పట్టేంత ఎత్తుందా, వర్షపు నీళ్ళు బయటకు వదిలే వాల్వు తాళం ఎవరి దగ్గరుంది?

తిరిగొచ్చే నీళ్ళే అసలు బరువు. మార్సెల్లస్‌లో పంపిన నీళ్ళలో ఎక్కువ భాగం రాయిలోనే ఉండిపోయి కొద్దిగానే తిరిగి వస్తాయి, కానీ వచ్చినవి భూగర్భపు ఉప్పును మోసుకొస్తాయి. సముద్రపు నీళ్ళలో లీటరుకు 35 గ్రాముల లవణాలు ఉంటే వీటిలో 200 గ్రాములు దాటడం మామూలే. బేరియం, స్ట్రాన్షియం, బ్రోమైడ్, రేడియం ఉంటాయి. ఇవి ఎవరో కలిపిన మందులు కావు, రాయిలో ఎప్పటినుంచో ఉన్నవే. మొదట్లో ఈ నీళ్ళను మామూలు శుద్ధి ప్లాంట్లకు పంపి నదుల్లోకి వదిలేశారు. ఆ ప్లాంట్లు బురదను ఆపుతాయి, ఉప్పును ఆపలేవు. బ్రోమైడ్ నదిలో కలిసి, దిగువన తాగునీటి ప్లాంటులో క్లోరిన్ వేయగానే ట్రైహాలోమీథేన్లు అనే హానికర పదార్థాలుగా మారుతుంది. పిట్స్‌బర్గ్ ప్రాంతానికి నీళ్ళిచ్చే మొనాంగహీలా నదిలో ఉప్పు పెరిగాక, 2011 మే 19 నుంచి ఆ ప్లాంట్లకు పంపడం ఆపమని రాష్ట్రం కంపెనీలను కోరింది. ఇప్పుడు ఎక్కువ నీళ్ళను వడకట్టి తర్వాతి బావికే వాడుతున్నారు. మంచి మార్పే, కానీ వడకట్టగా మిగిలిన మడ్డిలో రేడియం పేరుకుంటుంది, ఆ లారీలు ఎటు పోతున్నాయో చూడాలి.

కొంత ఒహాయోకు లారీల్లో పోయింది, అక్కడ లోతైన ఇంజెక్షన్ బావుల్లోకి ఎక్కించారు. యంగ్స్‌టౌన్‌లో అలాంటి బావి 2010 డిసెంబరులో మొదలైంది, కొన్ని నెలలకే నేల కదలడం మొదలై 2011 డిసెంబరు 31న దాదాపు 4 తీవ్రతతో భూకంపం వచ్చింది. కారణం సూటిగా చెప్పొచ్చు. అడుగున పాత పగులు రెండు చెంపల్నీ రాపిడి పట్టి ఉంచుతుంది, అందులోకి నీటి ఒత్తిడి చేరితే ఆ పట్టు సడలి జారుతుంది. ఓక్లహోమాలో ఇది ఇంకా పెద్దది. ఏడాదికి ఒకటో రెండో వచ్చే 3 తీవ్రత పైబడ్డ భూకంపాలు 2015లో 900 దాకా వచ్చాయి, 2016 సెప్టెంబరు 3న పావ్‌నీలో 5.8 వచ్చింది. అక్కడ ఎక్కించినది ఎక్కువగా ఫ్రాక్ నీళ్ళు కూడా కాదు, చమురుతోపాటు ఊరే పాత ఉప్పునీళ్ళు. ఎక్కించడం తగ్గించాక భూకంపాలూ తగ్గాయి. మనవాళ్ళు బాగా ఎక్కువగా ఉండే డాలస్ వైపు కూడా, 2008లో ఎయిర్‌పోర్టు పక్కన ఇంజెక్షన్ మొదలైన కొద్ది వారాలకే చిన్న భూకంపాలు వచ్చాయి. ఇర్వింగ్, ప్లేనో ఇళ్ళకు నీళ్ళు చెరువులనుంచి కొళాయిలో వస్తాయి కాబట్టి అక్కడ చూడాల్సింది బోరు కాదు, ఇంజెక్షన్ బావుల పరిమాణాలు.

సైటులో పనిచేసేవాళ్ళకు ఇంకో ప్రమాదం ఇసుక దుమ్ము. అయిదు రాష్ట్రాల్లో 11 సైట్లలో తీసిన 116 గాలి నమూనాల్లో 47 శాతం సిలికా హద్దు దాటాయని 2012లో అమెరికా కార్మిక ఆరోగ్య సంస్థలు హెచ్చరించాయి. మన క్వారీ కూలీల ఊపిరితిత్తులు తినే సిలికోసిస్ ఇదే.

మన దగ్గర 2013లో షేల్ గ్యాస్ విధానం వచ్చాక ఓఎన్‌జీసీ పైలట్ బావులు తవ్వింది, అమెరికా తరహా ఉత్పత్తి రాలేదు. గోదావరి జిల్లాల్లో ఫ్రాకింగ్ అంటే మండపేట ప్రాంతంలో లాగా గట్టి ఇసుకరాయిలో చేసేది, షేల్‌తో పోలిస్తే చిన్న మోతాదు. 1995లో 65 రోజులు మండిన పాశర్లపూడి బ్లోఅవుట్‌ను ఫ్రాకింగ్ ఖాతాలో వేయకూడదు, అది తవ్వేటప్పుడు బావి అదుపు తప్పిన సంగతి. కానీ కోనసీమలో నీళ్ళు కొన్ని మీటర్లలోనే తగులుతాయి, సైటు పక్కనే పంట కాలువ, వరిచేను. లీటరుకు వంద గ్రాముల ఉప్పున్న నీళ్ళ ట్యాంకు ఒకటి కారితే ఆ మడి ఎన్నేళ్ళు పండదో రైతుకు చెప్పక్కర్లేదు. అక్కడ కూడా అడగాల్సినవి అవే: సర్ఫేస్ కేసింగ్ లోతు, సందు గేజీ లెక్కలు, వచ్చిన నీళ్ళు పోయే చోటు.

పెన్సిల్వేనియాలో సొంత బోరున్న ఇల్లు కొన్నవాళ్ళు రిగ్గు రాకముందే నీళ్ళు పరీక్ష చేయించాలి. సర్టిఫైడ్ ల్యాబు మనిషే వచ్చి నమూనా తీయాలి, మీరు సీసాలో పట్టి ఇస్తే కోర్టులో చెల్లదు. మోటారు 15, 20 నిమిషాలు ఆడించాక, సాఫ్ట్‌నర్, ఫిల్టర్లకు ముందున్న కొళాయి దగ్గర పట్టాలి. మీథేన్ (ఈ గ్యాస్‌లో ముఖ్యభాగం అదే) కోసం పట్టే సీసాను బకెట్ నీళ్ళలో ముంచి, బుడగ లేకుండా, నీళ్ళ లోపలే మూత బిగించాలి. లేకపోతే గ్యాస్ ఎగిరిపోయి అంకె తక్కువ వస్తుంది. మీథేన్, ఈథేన్, క్లోరైడ్, బేరియం, స్ట్రాన్షియం, బ్రోమైడ్, మొత్తం లవణాలు, ఇనుము, మాంగనీస్, బెంజీన్ రకాలు అడగండి. ఈథేన్ ముఖ్యం: చిత్తడి నేలల్లో పుట్టే మీథేన్‌తో అది దాదాపు ఉండదు, లోతు గ్యాస్‌తో ఉంటుంది. మీథేన్ లీటరుకు 28 మిల్లీగ్రాములు దాటితే నీళ్ళలో నిలవదు, గాలిలో కలుస్తుంది, గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య పేలుతుంది. కొళాయి చీదినా, గ్లాసులో నీళ్ళు పాలలా వచ్చి కిందినుంచి తేటపడినా బోరు మూతకు గాలి గొట్టం పెట్టించి, పరీక్ష మళ్ళీ చేయించండి. గ్యాస్ బావి 2,500 అడుగుల లోపల ఉండి, పని ముగిసిన 12 నెలల్లో నీళ్ళు పాడైతే కంపెనీదే బాధ్యత అని చట్టం ముందే అనుకుంటుంది. అయితే ముందస్తు పరీక్షకు కంపెనీ మనిషి వస్తే వద్దని పంపేసిన ఇంటివాళ్ళకు ఆ రక్షణ పోతుంది. రానివ్వండి, అదే రోజు మీ ల్యాబు మనిషిని కూడా పిలిపించి పక్కనే ఇంకో సీసా పట్టించుకోండి.